బంజారా కొండలలో ఒక పేరు
ఎల్.వి. ప్రసాదుగారి బహుముఖ జీవితము

హైదరాబాదు నగరమున పంజగుట్ట నుండి బంజారా హిల్స్ వైపునకు సాగు రెండవ నంబరు రోడ్డుకు ఎల్.వి. ప్రసాద్ మార్గమని పేరు. ఒకప్పుడు బంజారాలు విడిది చేసిన రాతిగుట్టలివి. 1930 ప్రాంతమున నవాబు మెహదీ నవాజ్ జంగ్ ఈ బండల నడుమ ఇల్లు కట్టుకొనినప్పుడు, ఊరికి దూరముగా ఈ రాళ్లలో కాపురమేమని జనులు వింతపడిరట. నేడు ఆ రాళ్లను వెదకి చూడవలసినదే. మేడలు వానిని కప్పివేసినవి.

ఆ దారి పేరు విన్నంతనే జనసామాన్యమునకు తలపునకు వచ్చునది కండ్ల ఆసుపత్రి. సినిమాలు తీయువారికి స్ఫురించునది ప్రసాద్ లాబు, అందలి ప్రివ్యూ థియేటరు. పెద్దవారికి మాత్రము “షావుకారు”, “మిస్సమ్మ” కన్నుల ముందు కదలాడును. పేరొక్కటి, జ్ఞాపకములు మూడు. ఈ మూడింటి వెనుక నున్న మనిషి ఒక్కడే యని తెలిసినవారు రానురాను తగ్గిపోవుచున్నారు.

మన చిత్రనిర్మాతల చరిత్ర సామాన్యముగా విషాదాంతము. పది చిత్రములు తీసి, పదునొకండవ చిత్రముతో ఇల్లు పోగొట్టుకొనినవారిని తెలుగుదేశము చాలమందిని చూచినది. ఏ సంస్థ జీతమునకును కట్టువడక, సొంత సాహసముతో చిత్రములు తీసిన మనిషి నిలుచుట ఎట్లు? నిలిచినవాడు తుదకు ఏమి మిగిల్చిపోవలెను? ఈ రెండు ప్రశ్నలకు ప్రసాదుగారి జీవితములో సమాధానము దొరకును.

నూరు రూపాయల ప్రయాణము

అక్కినేని లక్ష్మీవరప్రసాదరావుగారు 1908వ సంవత్సరము జనవరి 17వ తేదీన ఏలూరు సమీపమందలి సోమవరప్పాడు గ్రామమున రైతుకుటుంబములో జన్మించిరి. తండ్రి శ్రీరాములు, తల్లి బసవమ్మ. చదువు ఆ బాలునికి రుచింపలేదు. ఊరికి వచ్చిన నాటక సమాజములు, డేరాలలో ఆడు మూగచిత్రములు ఆయనకు బడులైనవి. పదునేడవ యేట మేనమామ కుమార్తె సౌందర్య మనోహరమ్మతో వివాహమైనది. అంతలో తండ్రి అప్పులపాలై ఐ.పి. పెట్టవలసి వచ్చెను. నిలువ నీడ కఱవైన వేళ, 1930లో, చేతిలో నూరు రూపాయలతో ఆ యువకుడు ఎవరికిని చెప్పకుండ బొంబాయి రైలెక్కెను.

బొంబాయిలో భాష రాదు, పరిచయస్థులు లేరు. వీనస్ ఫిలిం కంపెనీలో చిల్లరపనులు చేయు కుఱ్ఱవాడుగా ప్రవేశించి, పిదప చిన్నచిన్న వేషములు సంపాదించెను. సరిగా ఆ కాలముననే భారతదేశపు తెరకు మాటలు వచ్చినవి. 1931 మార్చి 14న విడుదలైన తొలి హిందీ టాకీ “ఆలం ఆరా”లో ప్రసాదుగారికి చిన్న వేషము లభించెను. అదే సంవత్సరము హెచ్.ఎం. రెడ్డిగారు తీసిన తొలి తమిళ టాకీ “కాళిదాస్”లోను, 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ “భక్త ప్రహ్లాద”లోను ఆయన నటించెను. “ప్రహ్లాద”లో ఆయన ధరించినది చండామార్కుల బడిలోని మొద్దబ్బాయి వేషము. చదువు ఎక్కని విద్యార్థికి ఆ వేషమే దొరకుట విధివిలాసము! మూడు భాషల తొలి టాకీలలోను కానవచ్చిన నటుడను ఖ్యాతి ఆ వేషములతోనే ఆయనకు దక్కెను. ఉన్న పేరు మరీ పొడవగుటచే దానిని ఎల్.వి. ప్రసాద్ అని కుదించినది కూడ ఆ బొంబాయి రోజులలోనే.

నిరీక్షణ

అదృష్టము అంతటితో తలుపు తెఱచినదని తలంచిన పొరపాటు. తరువాతి పదిపన్నెండేండ్లు సహాయకునిగా గడచినవి. “కష్టజీవి” అను చిత్రము కొన్ని రీళ్లతో ఆగిపోయెను. పనిలేని దినములలో పృథ్వీరాజ్ కపూర్ నెలకొల్పిన పృథ్వీ థియేటర్సు నాటకములలో నటించిరి. ఈ కాలము వృథాపోలేదు. కెమెరా ప్రక్క నిలుచుట, నటునికి చేసి చూపుట, రీలును పొదుపుగా వాడుట ఆయన అప్పుడే నేర్చెను. 1946లో విడుదలైన “గృహప్రవేశం” చిత్రమునకు మొదట సహాయకునిగా కుదిరి, పిదప దర్శకుడును, కథానాయకుడును తానే అయ్యెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియెనిమిది.

ఆ పిమ్మట వెనుదిరిగి చూడవలసిన పని లేకపోయెను. 1949లో కృష్ణవేణిగారు నిర్మించిన “మనదేశం” చిత్రమున నందమూరి తారక రామారావును పోలీసు ఇన్‌స్పెక్టరు వేషములో తొలిసారి తెరకెక్కించినది ప్రసాదుగారే. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు విజయా ప్రొడక్షన్స్ స్థాపించి తొలి చిత్రమైన 1950 నాటి “షావుకారు”ను ఆయన చేతిలో పెట్టిరి. ఆ చిత్రముతో జానకి ఇంటిపేరే షావుకారయ్యెను. ఆ యేటనే “సంసారం”, 1952లో “పెళ్లిచేసి చూడు”, 1955లో “మిస్సమ్మ”, 1959లో “అప్పుచేసి పప్పుకూడు”. ఈ చిత్రములందు గదలు ఝళిపించు వీరులు లేరు, ఆకాశమున ఎగురు మాంత్రికులు లేరు. ఇరుగుపొరుగు తగవు, కట్నపు పేచీ, అద్దెయిల్లు, అప్పులవాని పిలుపు - ఇవే వాని సామగ్రి. మనయింటి గుమ్మములో జరుగు సంగతిని నవ్వుతో చూపి, ఆ నవ్వు మాటున ఒక చురక అంటించుట ఆయన పద్ధతి. నటునికి ప్రతి కదలికను తానే నటించి చూపెడివారని ఆయనతో పనిచేసినవారు చెప్పుదురు.

నిర్మాతగా లెక్క

దర్శకునిగా ఇంత పేరు గడించినవాడు జీతముతో తృప్తిపడి యుండవచ్చును. ప్రసాదుగారు అట్లుండలేదు. ఏబదులలో సొంత నిర్మాణమునకు పూనుకొనిరి. 1956లో “ఇలవేల్పు” నిర్మించి, మరుసటి యేడు అదే కథను రాజ్ కపూర్, మీనాకుమారీలతో “శారద”గా హిందీలో తీసిరి. ఇచ్చట ఆయన వ్యాపారదృష్టి స్పష్టముగా తెలియును. ఒక భాషలో ప్రేక్షకుడు తూచి చూచిన కథను వేఱొక భాషకు మార్చిన యెడల నష్టభయము సగము తగ్గును. తమిళమున వచ్చిన “ఎన్ తంగై” కథ 1959లో “ఛోటీ బహెన్” అయ్యెను. ఆదుర్తి సుబ్బారావుగారి “మూగమనసులు” 1967లో ఆయన దర్శకత్వముననే “మిలన్” అయ్యెను. కె. బాలచందర్ తెలుగులో తీసిన “మరోచరిత్ర” 1981లో ఆయన దర్శకత్వముననే “ఏక్ దూజే కేలియే” అయ్యెను. దక్షిణాది గాయకుని గొంతు హిందీ చిత్రమునకు సరిపోదను సందేహము ఆ చిత్రముతో తీరిపోయి, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారికి జాతీయ పురస్కారము లభించెను.

దీనిని అనుకరణమని తేలికగా తీసివేయుట న్యాయము కాదు. తెలుగు, తమిళ, హిందీ ప్రేక్షకుల హృదయములు ఒకే కథకు ఎచ్చట కరగునో, ఎచ్చట కరగవో గ్రహించుటకు మూడు భాషల తొలి టాకీలలో తిరిగిన అనుభవము కావలెను. పైగా మాతృకను తీసిన దర్శకులనే పిలిచి ఆ పనిని అప్పగించుటలో ఆయన ఔదార్యమును కలదు.

చీకటిగది విద్య

అయినను ఆయనను నిలిపినది చిత్రములు మాత్రమే కాదు, లాబొరేటరి. ఆ సంగతి కొంత వివరింపవలసి యున్నది.

ఫిలిము యుగమున నిర్మాతకు మూడు దిక్కుల బంధములు. ఫైనాన్షియరు వడ్డీకి సొమ్మిచ్చును. పంపిణీదారు ప్రాంతముల వారీగా అడ్వాన్సు ఇచ్చును. మూడవవాడు లాబొరేటరి యజమాని. తీసిన నెగెటివు అంతయు అతని చీకటిగదిలో రసాయనములలో మునిగి, కడిగి, ఆరి, అతని బీరువాలోనే భద్రమై యుండును. బొమ్మను, శబ్దమును కలిపి విడుదల ప్రింట్లు తీయువాడును అతడే. బాకీ తీరనిదే ప్రింట్ల డబ్బాలు గుమ్మము దాటవు. నెగెటివు అతని యొద్ద నున్నదను ఉత్తరము చూపిననే ఫైనాన్షియరుకు ధైర్యము. కావున చిత్రము పేరుకు నిర్మాతదైనను, దాని ప్రాణము లాబొరేటరి తాళపుచెవిలో నుండెడిది. మఱియు ద్రావకపు వేడిమి ఏమాత్రము హెచ్చుతగ్గులైనను నెలల శ్రమ ఒక్క గంటలో పాడగును.

ఈ కీలకమును ప్రసాదుగారు నిర్మాతగా అనుభవించి తెలిసికొనిరి. అరువదులలో మదరాసు సాలిగ్రామమున స్టూడియో, డెబ్బదులలో ఫిలిం లాబొరేటరి నెలకొల్పిరి. కాలక్రమమున అది హైదరాబాదు మొదలగు నగరములకు వ్యాపించి, ఛాయాగ్రహణమునకు వచ్చిన జాతీయ పురస్కారములలో ప్రాసెసింగు పక్షమున పలుమార్లు పాలు పంచుకొనెను. ఒక చిత్రము ఆడునో, ఆడదో ఎవరెఱుగుదురు? ఆడినను ఆడకున్నను దానిని కడుగక తప్పదు. పందెపు వ్యాపారములో ఆయన చూచుకొనిన నిలుకడ అది.

హైదరాబాదు చిత్రనగరముగా మారుట కూడ ఒక్కనాటి పని కాదు. అమీరుపేటలో సారథీ స్టూడియో ఏబదులలోనే వెలసినది. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో అన్నపూర్ణ స్టూడియోలు స్థాపించిరి. అయినను రీళ్లు కడుగుటకు మదరాసు పోవలసినంత కాలము పరిశ్రమ సగము అచ్చటనే యున్నట్లు లెక్క. బంజారా హిల్స్‌లో ప్రసాద్ లాబు రాకతో ఆ తాడు సడలెను.

కన్ను

1981లో సింగీతం శ్రీనివాసరావుగారు కమలహాసన్‌ను అంధ వయొలిన్ విద్వాంసునిగా చూపిన “రాజ పార్వై” తీసిరి. తెలుగున దాని పేరు “అమావాస్య చంద్రుడు”. అందు కథానాయిక తాతగా నటించినది డెబ్బదిమూడేండ్ల ప్రసాదుగారు. ఇరువది రెండేండ్లకు పూర్వము ఆయన తీసిన “ఛోటీ బహెన్”లోని చెల్లెలు కూడ చూపు కోల్పోయిన పిల్లయే. చీకటిగదిలో బొమ్మకు వెలుగునిచ్చు వ్యాపారము చేసినవానికి అంధత్వము ఇట్లు రెండుమార్లు కథగా ఎదురైనది. మూడవమారు అది కథగా రాలేదు.

అమెరికాలోని రోచెస్టరులో పనిచేసి స్వదేశమునకు మరలివచ్చిన నేత్రవైద్యుడు డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు, పేదకును ధనికునకును ఒకే తరగతి వైద్యమందు సంస్థను నెలకొల్పదలచిరి. ప్రసాదుగారి కుటుంబము అందులకు ఐదెకరముల భూమిని, కోటి రూపాయల విరాళమును ఇచ్చెను. 1987లో బంజారా హిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ఆరంభమయ్యెను. దాని ఏర్పాటు గమనింపదగినది. ఇచ్చుకొనగలవారు ఇచ్చిన రుసుముతో ఇచ్చుకొనలేనివారికి ఉచితముగా చికిత్స జరుగును. రోగులలో సగముమందికి వెల లేదు. నగరమున పెద్ద ఆసుపత్రి, పట్టణములలో శస్త్రచికిత్స కేంద్రములు, పల్లెలలో కండ్ల పరీక్ష చేసి అద్దములిచ్చు చిన్న కేంద్రములు - ఇట్లు గోపురమువలె అంచెలంచెలుగా అది పెరిగెను. ఆదిలాబాదు ప్రాంతమందలి ముధోల్ మొదలు భువనేశ్వరము, విశాఖపట్టణము, విజయవాడల వరకు దాని శాఖలు కలవు. మరణించినవారి కండ్లను స్వీకరించి పొరమార్పిడికి అందించు నేత్రనిధియు అందు భాగమే.

1982వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము ఆయనను వరించెను. 1994 జూన్ 22న ఆయన కన్నుమూసిరి. 2006లో తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసెను.

మిగిలినది

ఆయన పోయిన ఇరువదేండ్లలోనే ఫిలిము యుగము గతించినది. ఇప్పుడు చిత్రములు అంకెలుగా పుట్టి అంకెలుగానే తెరకెక్కుచున్నవి. ద్రావకపు తొట్టెలకు పని లేదు. ఆయన వంశీకులు హుస్సేనుసాగరపు గట్టున పెద్ద తెర కట్టిరి. పాతరీళ్ల మరకలు తుడిచి వానికి పునర్జీవము పోయుట కూడ వారి సంస్థ చేపట్టిన పని. వ్యాపారము రూపు మార్చుకొని బ్రదుకుట నేర్చినదన్నమాట. అది స్థాపకుని గుణమే.

కాని నిర్మాతకు మిగులునదేమను ప్రశ్నకు అసలు సమాధానము ఆ రోడ్డు మీదనే యున్నది. కంటి శుక్లము తీయించుకొని, ఉదయమున కట్టు విప్పినంతనే ప్రక్కనున్న మనుమరాలి మొగమును గుర్తించు ముదుసలికి, “మిస్సమ్మ” తీసినవాడెవరో తెలియనక్కరలేదు. తన చిత్రమును మెచ్చిన ప్రేక్షకుని కంటె, తన చిత్రము సంగతియే ఎఱుగక తన మూలమున లోకమును చూడగలిగిన మనుష్యుని సంపాదించుకొనుట ఏ నిర్మాతకైనను గొప్ప విజయము. నూరు రూపాయలతో రైలెక్కిన సోమవరప్పాడు కుఱ్ఱవాడు ఆ విజయమును సాధించెను.