ఎరిగిన వైద్యుడు
(ప్రసంగ పాఠము)

పద్మనాభము కొండ విశాఖపట్నము జిల్లా వారికి క్రొత్తది కాదు. భీమునిపట్నమునకును విజయనగరమునకును నడుమనున్న ఆ గ్రామమున, కొండపై అనంత పద్మనాభస్వామి వెలసియున్నాడు. స్వామిని చేరుటకు వేయికి పైబడిన మెట్లు ఎక్కవలెను. 1794లో విజయనగర ప్రభువు చిన విజయరామరాజు కుంపిణీ సేనతో పోరి నేలకొరిగినదియు ఆ ప్రాంతముననే. అయితే నేడు నేను ముచ్చటింపదలచినది ఆ యుద్ధమును గూర్చి కాదు. ఆ మెట్లను గూర్చి.

శ్రోతలారా, ఒక ముసలమ్మను మనస్సులో ఊహించుకొనుడు. ఆమె ప్రతి కార్తికమునను కొండ మెట్లెక్కి దీపము వెలిగించెడిది. ఈ యేడు సగము దూరమైనను పోకమునుపే కూలబడి, "ఇక నావల్ల కాదమ్మా" అని దిగివచ్చినది. ఆమెకు వచ్చిన జబ్బేమి? మోకాళ్ల నొప్పి కావచ్చును. రక్తహీనత కావచ్చును. చిరకాలముగా కనిపెట్టని రక్తపుపోటువలన గుండె అలసియుండవచ్చును. నలువదియేండ్లు కట్టెల పొయ్యి ఊదుటచేత ఊపిరితిత్తులు చెడియుండవచ్చును. కాక, నిరుడు తోడుగా కొండ ఎక్కిన భర్త ఈ యేడు లేడను దిగులే కావచ్చును.

పట్టణమందలి పెద్ద ఆసుపత్రికి పోయినచో ఈమె ఏ వరుసలో నిలువవలెను? ఎముకల విభాగముననా, గుండె విభాగముననా, ఊపిరితిత్తుల విభాగముననా? ప్రతి విభాగమువారును తమ వంతు పనిని శ్రద్ధతోనే చేయుదురు. కాని "ఈమె నిరుడు కొండ ఎక్కినది" అను మాట ఏ చీటిమీదను ఉండదు. ఆ మాట ఎరిగిన వైద్యుడే కుటుంబ వైద్యుడు. అతడు ఇంటిల్లిపాదిని ఏండ్ల తరబడి చూచును. సామాన్యమైన జబ్బులను తానే నయము చేయును. తన చేతిలో లేనిదానిని సకాలమున గుర్తించి, తగినవారియొద్దకు పంపి, తిరిగివచ్చిన రోగిని మరల తానే కనిపెట్టియుండును.

ఇది ఏ విద్యయు అబ్బనివాడు చేయు పని యని కొందరి తలంపు. అది పొరపాటు. బ్రిటనులో సామాన్య వైద్యులు 1952లో తమకొక కళాశాల సంఘమును నెలకొల్పుకొనిరి. 1963లో ఎడింబరో విశ్వవిద్యాలయము ఈ శాస్త్రమునకు ఆచార్య పదవిని కల్పించినది. 1969లో అమెరికాలో ఇది ప్రత్యేక వైద్యశాఖగా గుర్తింపబడినది. మన దేశమునను ఎం.బి.బి.ఎస్. పిమ్మట మూడేండ్లు చదివి జాతీయ పరీక్షా మండలివారి డి.ఎన్.బి. పట్టమును కుటుంబ వైద్యమున పొందవచ్చును. ఈ శాఖలో ఉన్నత విద్యను ప్రోత్సహింపవలెనని 2019 నాటి జాతీయ వైద్య కమిషను చట్టమే చెప్పుచున్నది.

అయినను ఈ త్రోవను కోరి వచ్చు విద్యార్థులు కొలదిమందియే. కారణము సులభముగా తెలియును. మనిషి తాను చూచినదానినే కోరును. విశాఖలో 1923లో వెలసిన ఆంధ్ర వైద్య కళాశాలను గాని, మరి యే కళాశాలను గాని తీసికొనుడు. విద్యార్థి నాలుగున్నర యేండ్లు చదువునపుడు అతనికి పాఠము చెప్పువారందరును ఒక్కొక్క అవయవమునకో, ఒక్కొక్క వ్యాధికో అంకితమైన నిపుణులు. అతడు చూచు రోగి ముదిరిన జబ్బుతో వచ్చి, కొలది దినములుండి, వెడలిపోవును. ఆ రోగి ఇంటిని అతడు చూడడు. మరుసటి యేడు ఎట్లున్నాడో ఎరుగడు. ఇక ఇంటికి పోయినచో బంధువులు వేయు ప్రశ్న ఒక్కటే: "ఉట్టి ఎం.బి.బి.ఎస్.తో ఆగిపోవుదువా?"

ఈ లోపమును పెద్దలు ఏనాడో గుర్తించిరి. 1946లో భోర్ సంఘము తన నివేదికలో, వైద్యుడు సమాజమును ఎరిగినవాడు కావలెననియు, విద్యార్థికి నివారణ వైద్యమునను సాంఘిక వైద్యమునను మూడు నెలల శిక్షణ ఈయవలెననియు సూచించినది. ఇటీవల, 2022లో, జాతీయ వైద్య కమిషను కుటుంబ దత్తత పద్ధతిని ప్రవేశపెట్టినది. దీని ప్రకారము మొదటి సంవత్సరపు విద్యార్థియే గ్రామమునకు పోయి, కనీసము మూడు కుటుంబములను తనవిగా ఎంచుకొని, చదువు సాగుచుండగా వారి ఆరోగ్యమును గమనింపవలెను. ఇందుకు పాఠ్యప్రణాళికలో మొత్తము 78 గంటలు కేటాయింపబడినవి. మన రాష్ట్రమున 2023 ఏప్రిలులో ఆరంభమైన ఫ్యామిలీ డాక్టర్ పథకముకూడ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడు నెలకు రెండు పర్యాయములు గ్రామమునకు పోవలెనను ఉద్దేశముతో ఏర్పడినదే.

గంటలు కేటాయించినంత మాత్రమున కోరిక పుట్టదు. బస్సు దిగి, కాగితములు నింపి, బస్సెక్కుటతో సరిపెట్టినచో, విద్యార్థికి గ్రామము విహారస్థలమగును. గ్రామస్థులకు విద్యార్థి జనాభా లెక్కల గుమాస్తా యగును. ఫలము కావలెనన్నచో మూడు సంగతులు ముఖ్యము. మొదటిది, విద్యార్థి ప్రతి పర్యాయమును అవే గడపలు త్రొక్కవలెను. నిరుడు కొండ ఎక్కిన ముసలమ్మ ఈ యేడు ఎక్కలేదని అతడే కనిపెట్టిననాడు, ఏ ఉపన్యాసమును చెప్పజాలని పాఠము అతనికి అబ్బును. రెండవది, ఆ గ్రామమునందే పనిచేయు వైద్యుడు గురువుగా వెంట నుండవలెను. ఏ జ్వరమును ఇంటనే నయము చేయవచ్చును, ఏ గుండెనొప్పిని గంటలోపల పెద్ద ఆసుపత్రికి పంపవలెను అను నిర్ణయము అతడు ఎట్లు చేయునో విద్యార్థి కన్నులార చూడవలెను. మూడవది, ఈ వృత్తియందలి కష్టమును దాచరాదు. నిపుణులకు వచ్చినంత ఆదాయము రాకపోవచ్చును. పిల్లల చదువులకు, తోటి వైద్యులతో సంప్రదింపులకు గ్రామమున వసతులు తక్కువ. ఇవి ప్రబోధముతో తీరు చిక్కులు కావు. ప్రభుత్వము, కళాశాలలు కలసి తీర్పవలసినవి.

కష్టము వెంట గౌరవమును ఉన్నదని చెప్పుటకు ఒక్క ఉదాహరణము చాలును. వేల్సు దేశమున గ్లిన్‌కోరుగ్ అను బొగ్గుగని గ్రామమున జూలియన్ ట్యూడర్ హార్ట్ అను వైద్యుడు ఏండ్ల తరబడి నిలిచి, జబ్బుచేసి వచ్చినవారినే గాక ఊరివారందరిని పిలిచి రక్తపుపోటు కొలిచెను. వైద్యావసరము మిక్కుటముగా నున్న చోటనే మంచి వైద్యము తక్కువగా దొరకునను సత్యమును 1971లో ఆయన లోకమునకు చాటెను. ఆ చిన్న గ్రామమున చేసిన పరిశోధనలను నేటికిని వైద్యలోకము స్మరించుచున్నది.

ఇందు మన వంతు పనియు కలదు. తెల్లకోటు తొడిగిన పిల్లవాడో, పిల్లయో మీ గడపకు వచ్చినపుడు, చీటిమీద వ్రాసికొని పొమ్మనక, కూర్చుండబెట్టి ఇంటి సంగతులు చెప్పుడు. మీ బిడ్డయే వైద్యము చదువుచున్నచో, "ఏ స్పెషలిస్టువగుదువు?" అని అడుగుటకు ముందు, "నీవు చూచుచున్న కుటుంబములవారు ఎట్లున్నారు?" అని అడుగుడు. ఆ ప్రశ్నకు పేరుపేరున బదులు చెప్పగల బిడ్డ ఏ శాఖలో చేరినను మంచి వైద్యుడే యగును. వారిలో కొందరైనను ఊరిలో నిలిచినచో, మెట్ల నడుమ కూలబడిన ముసలమ్మకు ఏ వరుసలో నిలువవలెనో తెలియక తిరుగు అవస్థ తప్పును.