పింఛను రోజు వేలిముద్ర స్కానర్‌కి అసలు పరీక్ష

ఫోన్ రివ్యూల్లో ఫింగర్‌ప్రింట్ సెన్సర్‌కి ఒక్క లైన్ కేటాయిస్తాం: ఫాస్ట్‌గా ఓపెన్ అవుతోంది, అంతే. ఆ టెస్ట్ చేసిన వేలు ఎవరిది? రోజంతా ఏసీలో కీబోర్డు కొట్టుకునే నాలాంటివాడిది.

ఒకటో తారీఖున బుచ్చయ్యపేటలో మా అమ్మమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని చూశాక నా లెక్క మారింది. సచివాలయం ఉద్యోగి పొద్దున్నే వచ్చారు. చేతిలో ఫోను, దానికి కేబుల్‌తో చిన్న స్కానర్. అమ్మమ్మ వేలు పెట్టింది, రాలేదు. తుడుచుకుని పెట్టింది, రాలేదు. "ఏటి బాబూ, నా ఏలు పనికిరాదేటి?" అంది. ఏళ్ల తరబడి చెరుకు తోటల్లో పనిచేసి గీతలు అరిగిపోయిన చేతులవి. చివరికి వేరే వేలితో పడింది. పక్కింటి కుర్రాడికేమో ఒక్కసారికే వచ్చేసింది. మెషీన్ అదే, యాప్ అదే.

ఆప్టికల్ స్కానర్ చేసేది సింపుల్. గాజు కింద నుంచి లైట్ వేసి, చర్మం గీతలు గాజుకి ఎక్కడ ఆనుతున్నాయో ఫొటో తీస్తుంది. చర్మం పొడిబారితే గీతలు సరిగ్గా ఆనవు. తడిగా ఉంటే గీతల మధ్య నీళ్లు చేరి అంతా ముద్దగా పడుతుంది. నేరుగా ఎండ పడినా ఇబ్బందే. ఇవన్నీ దాటాక నెట్‌వర్క్ వంతు: ఆ ముద్ర ఆధార్ సర్వర్ దాకా వెళ్లి, సరిపోయిందో లేదో జవాబు రావాలి. కొత్త ఎల్1 స్కానర్లలో ఎన్‌క్రిప్షన్ డివైస్ లోపలే జరుగుతుంది. భద్రతకి మంచిదే, కానీ అరిగిన వేలికి కొత్త గీతలు రావు కదా!

టెక్నాలజీతో సంబంధం లేని మార్పులూ ఉంటాయి. 2024 ఏప్రిల్‌లో ఎన్నికల సంఘం ఆదేశాలతో వాలంటీర్లు పక్కకి తప్పుకున్నారు. ఇంటికొచ్చే పింఛను కోసం చాలామంది వృద్ధులు ఎండలో సచివాలయాలకి నడవాల్సొచ్చింది. మే నెలలో ఎక్కువమందికి బ్యాంకు ఖాతాల్లో పడింది, అంటే మళ్లీ బ్యాంకు దాకా ప్రయాణం. జూలై 1న సచివాలయ ఉద్యోగులు ఇళ్లకే తెచ్చారు, సుమారు 65 లక్షల మందికి. అదే డబ్బు చేతికందడానికి పట్టే టైమ్‌ని స్కానర్ స్పెసిఫికేషన్ కన్నా ఈ మార్పులే ఎక్కువ ప్రభావితం చేశాయి.

మా ఆఫీసులో లోడ్ టెస్ట్ అంటే వేలమంది యూజర్లని సృష్టిస్తాం. అమ్మమ్మ వేలుని సృష్టించే టూల్ మాత్రం లేదు. సగటు టైమ్ చూసి బాగుందనుకుంటాం. మూడుసార్లు ప్రయత్నించినవాళ్లు ఆ సగటులో కనిపించరు. అందుకే ఇకమీదట ఏ స్కానర్ రివ్యూ చేసినా పొడి వేలు, తడి వేలు, ఎండ, ఒక్క గీత సిగ్నల్, నాలుగూ విడివిడిగా రాస్తాను.

అన్నట్టు, ఆ ఉద్యోగి సంచిలో ఒక తడిగుడ్డ, ఒక పొడిగుడ్డ ఉన్నాయి. స్కానర్‌తో పాటు వచ్చినవి కావు, ఆయనే తెచ్చుకున్నారట.