ఒక్క హోల్ పోతే ఆటంతా పోయినట్టేనా?



గోల్ఫ్‌లో సాధారణంగా 18 హోల్స్‌కు కలిపి తక్కువ షాట్లు కొట్టినవారే విజేత. ఇందులో ఒక చిక్కుంది. నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్‌కు పది పడితే, ఆ ఆరు షాట్ల భారం చివరిదాకా మోయాల్సిందే. అలాంటప్పుడు ఆట మధ్యలోనే ఆశ వదులుకునేవారు ఎక్కువ.

దీనికి పరిష్కారంగా డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ పాయింట్ల పద్ధతిని రూపొందించారు. 1932లో ఇంగ్లండ్‌లోని వాలసీ గోల్ఫ్ క్లబ్‌లో ఈ పద్ధతిలో పోటీ జరిగింది. ఇప్పుడు అది ఆయన పేరుతోనే ప్రపంచమంతటా వాడుకలో ఉంది.

ప్రతి హోల్‌కూ నిర్ణయించిన షాట్ల సంఖ్యను 'పార్' అంటారు. నేటి నిబంధనల ప్రకారం పాయింట్లు ఇలా ఉంటాయి:

• పార్ కన్నా రెండు తక్కువైతే: 4
• ఒకటి తక్కువైతే: 3
• సరిగ్గా పార్ అయితే: 2
• ఒకటి ఎక్కువైతే: 1
• రెండు లేదా అంతకు మించి ఎక్కువైతే: 0

ఎక్కువ పాయింట్లు వచ్చినవారిదే గెలుపు. పది షాట్లు పడినా సున్నాయే, అంతకన్నా కిందికి పోదు. తర్వాతి హోల్ మళ్లీ కొత్తగా మొదలవుతుంది.

పరీక్షలో ఒక లెక్క రాలేదని కంగారుపడి, వచ్చినవి కూడా వదిలేసే పిల్లలుంటారు. మీ చిన్నారికి ఈ పద్ధతి గురించి చెప్పండి. సున్నా ఆ ఒక్క లెక్కకే. తర్వాతి ప్రశ్న మార్కులు ఇంకా తన చేతిలోనే ఉన్నాయి.