కంటి వెనుక పొరను చూపే ఆకుపచ్చ మందు

యాభై ఏళ్ళు దాటిన వారిలో కొందరు "చదువుతుంటే మధ్యలో అక్షరాలు చెరిగిపోయినట్లున్నాయి, గుమ్మం వంకరగా కనిపిస్తోంది" అని చెబుతుంటారు. కళ్ళజోడు మార్చినా ఉపయోగం ఉండదు. ఎందుకంటే లోపం రెటీనా మధ్యభాగంలోనో, దాని వెనుక ఉన్న రక్తనాళాలలోనో ఉంటుంది. ఇటువంటి వారికి ఓ.సి.టి. స్కానింగ్ చేసిన తర్వాత, అవసరమనుకుంటే డాక్టరుగారు "ఐ.సి.జి. యాంజియోగ్రఫీ" అని వ్రాస్తారు. కంటికి ఫోటో తీయడానికి చేతి నరానికి ఇంజెక్షన్ ఎందుకన్న సందేహం రావడం సహజమే.

రెటీనా వెనుక కోరాయిడ్ అనే పొర ఉంది. కంటికి చేరే రక్తంలో ఎక్కువ భాగం ప్రవహించేది ఇందులోనే. అయితే ఈ రెండింటి మధ్య నల్లని రంగుగల కణాల పొర తెరలాగా అడ్డు ఉంటుంది. చాలాకాలంగా వాడుకలో ఉన్న పసుపు మందు ఫ్లోరెసిన్ నీలికాంతి పడితే మెరుస్తుంది. నీలికాంతి ఆ తెరను సరిగా దాటలేదు. పైగా ఆ మందు కోరాయిడ్‌లోని సన్నని నాళాల నుండి త్వరగా బయటికి ఊరిపోయి అంతా మసకగా చేస్తుంది.

రాత్రివేళ టార్చిలైటును అరచేత్తో మూసి చూడండి. వేసింది తెల్లని వెలుతురే అయినా వేళ్ళు ఎర్రగా కనిపిస్తాయి. మిగతా రంగులు చాలావరకు లోపలే ఆగిపోతాయి, ఎరుపు దాటి వస్తుంది. ఎరుపుకు అవతల మన కంటికి కనబడని పరారుణ కాంతి ఉంది. టి.వి. రిమోటులో వాడేది ఈ జాతి కాంతే. ఇది ఆ నల్లని తెరను ఇంకా బాగా దాటుతుంది. ఇండోసయనిన్ గ్రీన్, అంటే ఐ.సి.జి., సుమారు 790 నానోమీటర్ల పరారుణ కాంతిని పీల్చుకొని 830 ప్రాంతంలో తిరిగి వెలుగుతుంది. రక్తంలోని ప్రోటీన్లను గట్టిగా అంటిపెట్టుకొని ఉంటుంది కనుక నాళాల నుండి అంత తేలికగా బయటికి రాదు. ఇది కొత్త మందేమీ కాదు, అమెరికాలో 1959లోనే అనుమతి పొందింది.

ఇక కెమెరా సంగతి. కంటిలో పొర మీద పొర ఉండటం వలన అన్నిటి వెలుగూ కలిసిపోతే ఫోటో అలికినట్లు వస్తుంది. అందుకని లేజరు చుక్క ఒక్కొక్క బిందువునే వెలిగిస్తూ వరుసగా కదులుతుంది. తిరిగివచ్చే కాంతి సూదిబెజ్జం వంటి రంధ్రం గుండా పోవాలి. చూడదలచిన పొర నుండి వచ్చినది లోపలికి పోతుంది, పైనా కిందా ఉన్న పొరలది చాలావరకు అంచుల దగ్గరే ఆగిపోతుంది. దీనినే కాన్‌ఫోకల్ పద్ధతి అంటారు. మార్విన్ మిన్‌స్కీ అనే అమెరికా శాస్త్రవేత్త 1957లో మైక్రోస్కోపు కోసం దీనికి పేటెంటు దరఖాస్తు చేశారు. కంటి పరీక్షలో చిత్రమేమంటే, ఆ మైక్రోస్కోపుకు ముందు కటకంగా పనిచేసేది రోగి స్వంత కన్నే.

ఈ ఫోటోలో కోరాయిడ్ నాళాలు ద్రాక్షగుత్తిలా ఉబ్బిన జబ్బు బయటపడుతుంది. పాలిపాయిడల్ కోరాయిడల్ వాస్కులోపతి అనే ఈ జబ్బు ఆసియా వాసులలో ఎక్కువ. అవి చిట్లి రక్తం కారితే చూపు ఒక్కసారిగా పడిపోవచ్చు. కంటిలోకి ఇంజెక్షన్లు చాలునా, లేజరు కూడా కావాలా, వేస్తే ఏ చోట వేయాలి అన్నది ఈ ఫోటో చూసే నిర్ణయిస్తారు. కాబట్టి వ్రాసిన పరీక్షను నెలల తరబడి వాయిదా వేయకండి.

ఇది ఎక్స్‌రే కాదు. చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేసి, చేతి నరానికి మందు ఎక్కించి, సుమారు అరగంట పాటు విడతలుగా ఫోటోలు తీస్తారు. మందు కాలేయం ద్వారా పైత్యరసంలో కలిసి బయటికి పోతుంది, ఫ్లోరెసిన్ లాగా మూత్రం పచ్చబడదు. మందులో కొద్దిగా అయోడిన్ ఉంటుంది. మునుపు అయోడిన్ ఉన్న మందు గాని, స్కానింగ్ ఇంజెక్షన్ గాని పడకపోతే, కాలేయ జబ్బు ఉంటే, గర్భవతులైతే ముందుగానే తప్పక చెప్పండి. తీవ్రమైన అలర్జీ అరుదు, కాని రావచ్చు. అందుకే సిబ్బంది అత్యవసర మందులు దగ్గర ఉంచుకుంటారు.

చుక్కల వలన కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. ఆ రోజు బండి నడపకుండా ఇంటివారిని ఒకరిని తోడు తెచ్చుకోండి.