నత్తి చికిత్సనుండి మనమేమి ఆశింపవలెను?

హాజరుపట్టీ చదువునపుడు తన పేరు సమీపించుకొలది గుండె దడదడలాడు బాలు డొకడు మన తరగతులలో నుండవచ్చును. జవాబు తెలిసియు అతడు చేయి యెత్తడు. నత్తిగలవాని కష్టము తడబాటులోకన్న ఈ మౌనములోనే హెచ్చు. అట్టివాని తల్లిదండ్రులకు చికిత్సనుగూర్చి రెండు మాటలు చెప్పదలచితిమి.

నత్తి సాధారణముగా 2 మొదలు 5 సంవత్సరముల ప్రాయమున ఆరంభించును. నూటికి సుమారు 5గురు పిల్లలకు ఇది కలుగును. వారిలో పెక్కుమందికి దానంతట నది పోవును. పెద్దలలో నూటికి ఒకరికి మాత్రము మిగులును. మాటను నడుపు మెదడులోని భేదములును, వంశపారంపర్యమును దీనికి మూలములని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పెంపకపు దోషముగాని, ఇతరుల నత్తిని వెక్కిరించిన ఫలముగాని కాదు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాచినను ఇది పోదు.

చికిత్సలో మొదట జరుగవలసినది సంభాషణ. "అయ్యా, నెలదినములలో నత్తి పూర్తిగా పోవునా?" అని తండ్రి యడుగును. "నా పేరు నేను చెప్పుకొనగలిగిన చాలును" అని బాలుడనును. ఈ రెండు కోరికలు నొకటి కావు. తండ్రి కోరికయే గురియైనచో ప్రతి తడబాటును ఓటమియే యగును. బాలుడు మాటలాడుటయే మానును. కావున ముగ్గురును కూర్చుండి గురిని నిర్ణయించుకొనవలెను. అయిదారేండ్లలోపు పిల్లల విషయమున ఆశ యెక్కువ, ఆలసింపరాదు. పెద్దపిల్లలకు నత్తి సమూలముగా పోవునని మంచి చికిత్సకుడు మాట యీయడు. పలుకు సులువగుటయు, భయము తగ్గుటయు ఆశింపదగినవి. తగ్గిన నత్తి మరల హెచ్చుటయు కలదు. అందులకు బాలుని నిందింపరాదు.

ఆరవ జార్జి చక్రవర్తి 1926లో లయొనెల్ లోగ్ అను ఆస్ట్రేలియా దేశస్థునియొద్ద అభ్యాసము మొదలిడెను. 1939 సెప్టెంబరు 3వ తేదీన యుద్ధవార్తను రేడియోలో చెప్పునపుడును ఆయన పలుకు నడుమనడుమ ఆగెను. అయినను చెప్పవలసినది చెప్పెను. చికిత్సాఫలమన నిదియే.

నర్సంపేటవారు సలహాకై సికింద్రాబాదులోని ఆలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రమునకు పోవచ్చును. ఇంటియందు చేయవలసినది సులభము: "నెమ్మదిగా చెప్పు" అని గద్దింపకుడు, వాని మాటను మీరు ముగింపకుడు, తుదివరకు వినుడు. విద్యార్థులారా, మీరు నవ్వకుడు. హాజరు పిలుచునపుడు ఒక్క క్షణ మెక్కువ వేచియున్నచో మనకు నష్టమేమి? ఆ క్షణములో నొక బాలుడు తన పేరు తానే చెప్పుకొనును.