మందబుద్ధి యనుటకు ముందు

పాఠశాలలో నొక బాలుడు లేచి పాఠము చదువ నారంభించును. చిన్న పదములను సులభముగా దాటును. 'పుస్తకములలోనుండి' యనుచోట నిలిచిపోవును. తోడివారు నవ్వుదురు. ఉపాధ్యాయుడు వానిని మందబుద్ధి యని తీర్మానించును. ఈ తీర్మానము తొందరపాటని మా యభిప్రాయము.

ఆ బాలునికి కనబడునది 8 అక్షరముల గుంపు. విడదీసి చూపినచో నందున్నవి 4 భాగములే: పుస్తకము, లు, లో, నుండి. 'లో' చేరునపుడు 'లు' అనునది 'ల' యగునని యొక్కమాట చెప్పిన చాలును. పిమ్మట 'గ్రామములలోనుండి', 'వృక్షములలోనుండి' యను పదములను వాడు తనంతట తానే చదువగలడు. 'చదువలేకపోయెను' అనుదానిలో నడుమనున్న 'లేక'ను గుర్తింపని బాలుడు అర్థమునే తారుమారు చేసికొనును. తెలుగున ప్రత్యయములు ప్రకృతి వెంట వరుసగా చేరును. సంధి వాని యతుకులను కప్పివేయును. ఆ యతుకులను చూపుట యుపాధ్యాయుని విధి.

తత్సమములకును ఇదియే మార్గము. ఆహారము, విహారము, సంహారము, పరిహారము అర్థమున వేరైనను, 'హార'మును గుర్తించిన బాలునికి ఒక కుటుంబముగా గోచరించును. ఇంగ్లీషున 'సైన్' అను పదమునందు పలుకబడని 'జి' యక్షరము 'సిగ్నేచర్'లో పలుకును. ఆ చుట్టరికము తెలిసినవానికి వర్ణక్రమము భారము కాదు.

ప్రకృతి ప్రత్యయ వివేచనము పాణిని కాలమునుండి మనకు పరిచితమే. చిన్నయసూరి తన వ్యాకరణమునకు బాలవ్యాకరణమనియే పేరిడెను. కాని మనము వ్యాకరణమును పరీక్షకై వల్లించు సూత్రముల మూటగా చేసితిమి. పఠనమునకు సాధనముగా వాడుట మానితిమి.

అక్షరములను, ధ్వనులను నేర్పుట మానుడని మేము చెప్పుట లేదు. అదియే పునాది. పదవిభాగ బోధ దానికి తోడైనపుడు, పఠనమున వెనుకబడిన బాలురకు విశేషముగా తోడ్పడునని ఇంగ్లీషు మున్నగు భాషలలో జరిగిన పరిశోధనలు తెలుపుచున్నవి.

2009 నాటి విద్యాహక్కు చట్టము బాలుర దండనను, మానసిక వేధింపును నిషేధించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము డిస్లెక్సియా యను పఠనక్లేశమును వైకల్యములలో చేర్చినది. చట్టము బెత్తమును దింపగలదు, పదమును విప్పలేదు. ఆ పని గురువులది, తలిదండ్రులది. పాఠకమహాశయులు దినమునకొక దీర్ఘపదమును ఈ పత్రికనుండియే తీసి, తమ బిడ్డలచే విడదీయింతురు గాక!