ప్రైవేటు పైలట్ల కోసం మొబైల్ నావిగేషన్ యాప్: నిర్మాణం, పరీక్ష

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• పైలట్ల నావిగేషన్ యాప్‌లోని ప్రధాన భాగాలను వివరించగలుగుతారు.
• దూరం, ప్రయాణకాలం లెక్కల్లో ఎక్కడ పొరపాటు దొర్లుతుందో గుర్తించగలుగుతారు.
• ఇలాంటి యాప్‌ను ఏ దశల్లో, ఎందుకు ఆ క్రమంలో పరీక్షిస్తారో చెప్పగలుగుతారు.
• తప్పు సమాచారం చూపడానికీ, సమాచారం లేదని చెప్పడానికీ గల తేడాను విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

జీతం కోసం కాక సొంత ప్రయాణానికో, అభిరుచి కొద్దీనో చిన్న విమానం నడిపేవారిని ప్రైవేటు పైలట్లు అంటారు. అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో వీరి సంఖ్య ఎక్కువ. వీరు చాలావరకు నేలను కళ్లతో చూస్తూ, నదులు, రోడ్లు, ఊళ్లు గుర్తుపడుతూ ప్రయాణిస్తారు. ఒకప్పుడు మోకాలి మీద కాగితపు పటం, చేతిలో పెన్సిలు, ఎదురుగా గడియారం, దిక్సూచి ఉంటే చాలు. 2008లో ఐఫోన్ యాప్ స్టోర్, 2010లో ఐప్యాడ్ వచ్చాక ఆ పటం తెర మీదికి చేరింది. అమెరికాలో ఫోర్‌ఫ్లైట్, బ్రిటన్‌లో స్కైడీమన్ ఈ రకం యాప్‌లకు బాగా తెలిసిన ఉదాహరణలు.

రోడ్డు మీద దారి చూపే యాప్ తప్పు చెబితే బండి పక్కకు ఆపి ఎవరినైనా అడగవచ్చు. విమానాన్ని గాలిలో ఆపలేం. తప్పు దారిలో సాగితే అనుమతి లేని గగనతలంలోకి వెళ్లడం, కొండకు దగ్గరగా పోవడం, ఇంధనం అయిపోవడం వంటి ప్రమాదాలు ఎదురవుతాయి. అందుకే ఈ యాప్‌ను నిర్మించేవారు మొదటినుంచీ ఒక సూత్రాన్ని పాటించాలి: యాప్‌కు తెలియనప్పుడు తెలియదని చెప్పాలి. ఖాళీ తెర చూసిన పైలట్ కిటికీలోంచి బయటికి చూస్తాడు. నమ్మకంగా కనిపించే తప్పు తెరను చూసిన పైలట్ దాన్నే అనుసరిస్తాడు. ఈ పాఠంలో మనం చూడబోయే పరీక్షలన్నింటికీ ఈ సూత్రమే ఆధారం.

2. యాప్‌లోని ప్రధాన భాగాలు

2.1 స్థానం: ఫోన్ లేదా ట్యాబ్లెట్‌లోని జి.పి.ఎస్. గ్రాహకం అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, వేగం, సమయం అందిస్తుంది. దాంతోపాటు ఆ స్థానం ఎన్ని మీటర్ల మేరకు నమ్మదగినదో తెలిపే ఒక అంచనా కూడా ఇస్తుంది. చాలామంది ప్రోగ్రామర్లు స్థానాన్ని తీసుకొని ఈ అంచనాను వదిలేస్తారు. అది పెద్ద లోపం. ఇంకొక సంగతి: వై-ఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లలో జి.పి.ఎస్. గ్రాహకం ఉండదు. ఇంట్లో వై-ఫై ఆధారంగా స్థానం చక్కగా చూపిన పరికరం ఆకాశంలో ఏమీ చూపలేకపోవచ్చు.

2.2 సమాచార నిధి: విమానాశ్రయాలు, రన్‌వేలు, రేడియో ఫ్రీక్వెన్సీలు, నియంత్రిత గగనతలాల హద్దులు ఇందులో ఉంటాయి. ప్రపంచవ్యాప్తంగా ఈ సమాచారాన్ని 28 రోజుల కాలచక్రం ప్రకారం సవరిస్తారు. దీన్ని ఎయిరాక్ చక్రం అంటారు. భారతదేశంలో ఇటువంటి అధికారిక సమాచారాన్ని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా ప్రచురిస్తుంది. పాతబడిన సమాచారం ఎంత తప్పుదోవ పట్టిస్తుందో ఊహించడానికి మనకు దగ్గరి ఉదాహరణ ఉంది. 2008 మార్చిలో హైదరాబాద్ ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. అంతకు ముందరి నిధిని వాడే యాప్‌కు శంషాబాద్ విమానాశ్రయం ఉన్నట్టే తెలియదు.

2.3 లెక్కల భాగం: దూరం, దిశ, ప్రయాణకాలం, ఇంధనం ఇక్కడ తేలుతాయి.

2.4 తెర: పటం, దాని మీద కదిలే విమానం గుర్తు, హెచ్చరికలు కనిపించేది ఇక్కడే.

3. లెక్కలు, వాటిలోని ఉచ్చులు

3.1 దూరం: విమానయానంలో దూరాన్ని నాటికల్ మైళ్లలో కొలుస్తారు. ఒక నాటికల్ మైలు 1852 మీటర్లు. గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని ఒక నాట్ అంటారు. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 60 నాటికల్ మైళ్లు. తూర్పు పడమరలుగా ఒక డిగ్రీ రేఖాంశం మాత్రం ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ కుంచించుకుపోతుంది. దాని విలువ కోసం 60ని ఆ అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి.

హైదరాబాద్ దగ్గర, అంటే సుమారు 17.4 డిగ్రీల అక్షాంశం వద్ద, ఇది దాదాపు 57 నాటికల్ మైళ్లు. లండన్ దగ్గర, అంటే 51.5 డిగ్రీల వద్ద, ఇది దాదాపు 37 మాత్రమే. కొసైన్ మరిచిపోయిన ప్రోగ్రామర్ తన కోడ్‌ను హైదరాబాద్ పరిసరాల్లోనే పరీక్షిస్తే తేడా ఐదు శాతం కంటే తక్కువగా ఉంటుంది. కంటికి ఆనదు. అదే కోడ్ లండన్‌లో 37 మైళ్లను 60గా చూపుతుంది. పరీక్షకు వేర్వేరు అక్షాంశాల స్థలాలను ఎంచుకోవాలనేది ఇందుకే.

రేఖాంశం 180 డిగ్రీలు దాటే చోట మరొక ఉచ్చు ఉంది. తూర్పు 179.5 డిగ్రీలకూ పడమర 179.5 డిగ్రీలకూ అసలు తేడా ఒక డిగ్రీ. గుడ్డిగా తీసివేస్తే 359 డిగ్రీలు వస్తుంది. 2007 ఫిబ్రవరిలో హవాయి నుంచి జపాన్‌లోని ఒకినావాకు బయలుదేరిన అమెరికా ఎఫ్-22 యుద్ధవిమానాలు అంతర్జాతీయ దినరేఖ దగ్గర సాఫ్ట్‌వేర్ లోపం వల్ల నావిగేషన్ వ్యవస్థలను కోల్పోయాయి. వెంట ఉన్న ఇంధన విమానాలను అనుసరిస్తూ హవాయికి తిరిగి వచ్చాయి. ఎంత ఖరీదైన వ్యవస్థకైనా హద్దుల దగ్గర పరీక్ష తప్పదని ఈ ఘటన చెబుతుంది.

3.2 గాలి: విమానం గాలిలో కదిలే వేగం వేరు, నేలతో పోల్చితే కదిలే వేగం వేరు. రెండోదాన్ని భూవేగం అంటారు. ఒక విమానం గాలిలో 100 నాట్ల వేగంతో వెళ్తుందనీ, గంటకు 32 లీటర్ల ఇంధనం వాడుతుందనీ అనుకుందాం. గమ్యం 150 నాటికల్ మైళ్ల దూరంలో ఉంది.

• గాలి లేకపోతే: ప్రయాణకాలం 90 నిమిషాలు, ఇంధనం 48 లీటర్లు.
• 20 నాట్ల ఎదురుగాలి ఉంటే: భూవేగం 80 నాట్లు, ప్రయాణకాలం 112.5 నిమిషాలు, ఇంధనం 60 లీటర్లు.

గాలి దిశను యాప్ తిరగేసి చదివిందనుకోండి. ఎదురుగాలి తోడుగాలిగా మారి, భూవేగం 120 నాట్లుగా, ఇంధనం 40 లీటర్లుగా కనిపిస్తుంది. వాతావరణ నివేదికలో గాలి దిశ అంటే గాలి వీచివచ్చే దిశ, వెళ్లే దిశ కాదు. కోడ్‌లో ఒక్క గుర్తు మారితే 20 లీటర్ల తేడా వస్తుంది.

3.3 ఎత్తు: గగనతలాల హద్దులను పైలట్ వాయుపీడనంతో పనిచేసే ఎత్తుమాపకంతో పోల్చి చూస్తాడు. జి.పి.ఎస్. మొదట లెక్కించే ఎత్తు భూమికి నమూనాగా తీసుకున్న నునుపైన దీర్ఘగోళాకారం మీది నుంచి. ఆ నమూనాకూ సగటు సముద్రమట్టానికీ మధ్య తేడా చోటును బట్టి మారుతుంది. భారతదేశానికి దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఆ తేడా సుమారు 100 మీటర్లు, అంటే 300 అడుగులకు పైనే. అందువల్ల యాప్ సముద్రమట్టానికి సవరణ చేయాలి. చేసిన తర్వాత కూడా అది జి.పి.ఎస్. ఎత్తు అని తెర మీద స్పష్టంగా రాయాలి. హద్దు దగ్గర నిర్ణయం ఎత్తుమాపకాన్ని బట్టే జరగాలి.

4. పరీక్షా దశలు

4.1 విడిభాగాల పరీక్ష: ప్రతి లెక్కకూ ముందే తెలిసిన జవాబుతో పోల్చి చూస్తారు. గాలి లేనప్పుడు, నేరుగా ఎదురుగాలి, తోడుగాలి, అడ్డగాలి ఉన్నప్పుడు జవాబులు సరిచూడాలి. విమానవేగం కంటే అడ్డగాలి ఎక్కువైతే లెక్కకు జవాబే ఉండదు. అప్పుడు యాప్ ఆగిపోకుండా, అంకె కల్పించకుండా, ఈ మార్గం సాధ్యం కాదని చెప్పాలి.

4.2 సమాచార పరీక్ష: కోడ్ మారకపోయినా సమాచారం మారితే యాప్ చెడిపోవచ్చు. 2015 ఏప్రిల్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు వాడే ఐప్యాడ్ యాప్ పనిచేయక పలు విమానాలు ఆలస్యమయ్యాయి. వాషింగ్టన్‌లోని రీగన్ విమానాశ్రయపు పటం ఒకటి నిధిలో రెండుసార్లు చేరడమే కారణం. కాబట్టి ప్రతి 28 రోజుల సవరణనూ కొత్త సాఫ్ట్‌వేర్‌లాగానే పరీక్షించాలి. నకళ్లు ఉన్నాయా, గగనతలపు గీత మూసుకున్న ఆకారంగా ఉందా, రన్‌వే పొడవు నమ్మదగినదా అని యంత్రం చేతే తనిఖీ చేయించాలి.

4.3 నేలమీది పరీక్ష: ముందు రికార్డు చేసిన జి.పి.ఎస్. వివరాలను యాప్‌కు మళ్లీ వినిపిస్తారు. ఎక్స్-ప్లేన్ వంటి సిమ్యులేటర్ నుంచి కూడా స్థానాన్ని నెట్‌వర్క్ ద్వారా ట్యాబ్లెట్‌కు పంపవచ్చు. దీనివల్ల ప్రమాదం లేకుండా వైఫల్యాలను సృష్టించే వీలు కలుగుతుంది: సంకేతం మధ్యలో ఆపడం, స్థానాన్ని ఒక్కసారిగా దూకించడం, ఇంటర్‌నెట్ తీసివేయడం వంటివి. 100 నాట్ల వేగంతో వెళ్లే విమానం సెకనుకు సుమారు 51 మీటర్లు సాగుతుంది. సంకేతం ఆగి నిమిషం గడిచినా గుర్తు పాత చోటే నిలబడితే, తెర సుమారు 3 కిలోమీటర్ల వెనకటి స్థానాన్ని ఇప్పటిదిగా చూపుతున్నట్టు. కొన్ని సెకన్లలోనే గుర్తు రంగు మారాలి లేదా మాయం కావాలి.

4.4 విమానంలో పరీక్ష: నడిపే పైలట్ పరీక్ష చేయకూడదు. పక్క సీటులోని రెండో వ్యక్తి యాప్‌ను చూసి నమోదు చేస్తాడు. కాగితపు పటం లేదా స్వతంత్రమైన రెండో పరికరం వెంట ఉండాలి. కార్యాలయంలో తెలియనివి ఇక్కడ బయటపడతాయి. ఎండలో అక్షరాలు కనిపిస్తున్నాయా? కుదుపుల్లో వేలు సరైన బటన్ మీద పడుతోందా? ఐప్యాడ్‌ను 35 డిగ్రీల సెల్సియస్ మించని పరిసర ఉష్ణోగ్రతలో వాడాలని ఆపిల్ సూచిస్తుంది. ఎండ నేరుగా పడే కాక్‌పిట్‌లో అది వేడెక్కి ఆగిపోవచ్చు. ఆ తర్వాత మళ్లీ తెరిస్తే మార్గం భద్రంగా ఉందా అన్నది తప్పక చూడవలసిన అంశం.

5. బాధ్యత ఎవరిది?

అమెరికాలో ప్రైవేటు పైలట్ ఇటువంటి యాప్ వాడడానికి విమానయాన సంస్థ ముందస్తు అనుమతి సాధారణంగా అవసరం లేదు. సమాచారం తాజాదా, సరైనదా అని చూసుకునే బాధ్యత పైలట్‌దే. అయితే పైలట్ ఆ బాధ్యత నెరవేర్చాలంటే యాప్ అతనికి వీలు కల్పించాలి. నిధి గడువు ఎప్పుడు తీరుతుంది, స్థానం ఎంత కచ్చితం, గాలి వివరాలు ఎన్ని గంటల కిందటివి అన్నవి వెతకకుండానే కనిపించాలి. ఇవి దాచిన యాప్ ఎంత అందంగా ఉన్నా పైలట్ నిర్ణయశక్తిని తగ్గిస్తుంది.

6. సారాంశం

పైలట్ల నావిగేషన్ యాప్‌లో స్థానం, సమాచార నిధి, లెక్కలు, తెర అనే నాలుగు భాగాలు ఉంటాయి. ఒక్కో భాగానికి తనదైన వైఫల్యం ఉంది. విడిభాగాలు, సమాచారం, నేల, విమానం అనే క్రమంలో పరీక్షిస్తే చౌకగా, ప్రమాదం లేకుండా దొరికే లోపాలు ముందే దొరుకుతాయి. యాప్ సరిగా పనిచేస్తోందా అన్నది పరీక్షలో సగం మాత్రమే. పనిచేయనప్పుడు ఆ సంగతి పైలట్‌కు వెంటనే తెలుస్తోందా అన్నది మిగతా సగం.

7. మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. గమ్యం 120 నాటికల్ మైళ్లు. గాలిలో విమానవేగం 90 నాట్లు, ఎదురుగాలి 15 నాట్లు. ప్రయాణకాలం ఎంత? గాలి లేకపోతే ఎంత?
2. హైదరాబాద్‌లో మాత్రమే పరీక్షించిన దూరం లెక్క లండన్‌లో ఎందుకు తప్పవచ్చు?
3. జి.పి.ఎస్. సంకేతం ఆగినప్పుడు విమానం గుర్తును పాత చోటే ఉంచడం ఎందుకు ప్రమాదకరం?
4. మీకు తెలిసిన మరొక మొబైల్ యాప్‌ను తీసుకొని, అది తనకు తెలియని విషయాన్ని ఎలా చూపుతుందో పది వాక్యాల్లో చర్చించండి.

మొదటి ప్రశ్నకు జవాబు: 96 నిమిషాలు, గాలి లేకపోతే 80 నిమిషాలు.